ఆమెకు పిచ్చి అని తేల్చిందెవరు?

మా దర్శిలో ఆడది గొంతెత్తితే వినిపించే మాట ఒకటుంది: "దీన్ని వైజాగ్ పంపించాలి!" అందరూ నవ్వుతారు. ఆ నవ్వు వెనకున్న చరిత్ర మాత్రం నవ్వులాట కాదు.

విశాఖపట్నంలో పిచ్చాసుపత్రి 1871లో మొదలైంది. అప్పటికి అమల్లో ఉన్నది 1858 చట్టం. వీధుల్లో తిరిగే 'పిచ్చివాళ్లను' పట్టుకుని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే పనిని అది పోలీసులకు అప్పగించింది. అంటే పిచ్చి అనేది జబ్బు కన్నా ముందు శాంతిభద్రతల సమస్య అయింది. 1912 చట్టం వచ్చాక భర్త అర్జీ, రెండు డాక్టరు సర్టిఫికెట్లు, మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటే భార్యను లోపల పెట్టొచ్చు. భార్యా అర్జీ పెట్టుకోవచ్చు. కాగితం మీద ఇద్దరూ సమానమే. కానీ కోర్టు ఖర్చులకు డబ్బు, ఊళ్లో పలుకుబడి ఎవరి చేతిలో ఉన్నాయి? ఆ చట్టం 1993 దాకా నడిచింది.

నా చిన్నతనంలో మా వీధిలో ఒకామె ఉండేది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం అమ్మడానికి వేలిముద్ర వేయనంది. ఆమెకు నిద్రపట్టేది కాదు, తనలో తాను మాట్లాడుకునేది, నిజమే. వైద్యం అవసరమే కావచ్చు. కానీ పొలం అమ్మనన్న మాట కూడా జబ్బు ఖాతాలోకే పోయింది. దూరంగా ఒక ఆసుపత్రిలో చేర్చి వచ్చారు. ఆమె తిరిగొచ్చేసరికి ఆ ఎకరంలో వేరేవాళ్ల మిరపతోట ఉంది. అడిగితే, "పిచ్చిదాని మాటలు" అన్నారు.

మరి మనం చేస్తున్నదేమిటి? భర్త ఒక మందుల చీటీ బల్ల మీద పెట్టగానే, మన కౌన్సెలింగ్ కేంద్రాల్లోనూ ఆమె మాట చెల్లకుండా పోతోంది. జబ్బు ఉన్న స్త్రీకి దెబ్బలు తగలవా? ఆస్తి ఉండదా?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఇంటివాళ్లు రానివ్వడం లేదన్న ఒక్క కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచెయ్యకూడదంటుంది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఆమే ఎంచుకోవచ్చు. భర్తే కానక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. ఆ ప్రతినిధి తన ఒప్పుదల రాసివ్వాలి.

వేలిముద్ర వేయనన్నందుకు ఒకామె పిచ్చిదైంది. ఈరోజు అదే వేలిముద్ర ఆమె మాటను నిలబెట్టగలదు. మన సంఘాల సమావేశాల్లో ఆ కాగితాలు రాయించే పని మనం కాకపోతే ఎవరు చేస్తారు?