పద్ధతైన బట్టలు: ఎవరి పద్ధతి?

ఇంటర్‌లో చేరబోతున్న మా అమ్మాయికి బట్టలు కొనడానికి మొన్న జూన్‌లో సుల్తాన్ బజార్ వెళ్లాం. కౌంటరు ముందు కూర్చోగానే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "కొంచెం పద్ధతిగా ఉండేవి చూపించమ్మా" అని. ఇన్నేళ్లుగా స్త్రీల సమస్యల మీద పరిశోధన చేస్తూ, సభల్లో మాట్లాడుతూ వస్తున్న నేనే ఆ మాట అన్నానా అని నాకే సిగ్గేసింది. షాపులో అమ్మాయికి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. "అర్థమైంది మేడమ్, మోకాలు దిగాలి, మెడ పైకుండాలి, చున్నీ ఉండాలి, అంతే కదా" అంటూ ఒక్కొక్కటే తీసి పరిచింది. పొద్దుటి నుంచి నిలబడే ఉన్న ఆ పిల్ల కూడా రెండు భుజాల మీదా పిన్నులు పెట్టిన యూనిఫారం చున్నీలోనే ఉంది.

మా అమ్మాయి అన్నీ చూసి ఒక్కటే అడిగింది: "జేబులున్నవి ఉన్నాయా అక్కా?"

లేవు.

దీన్ని నా వ్యక్తిగత బలహీనతగా కొట్టిపారేయవచ్చు. కానీ ఆడపిల్లల తల్లుల్లో ఈ భయం లేనివాళ్లు ఎందరున్నారు? బస్సులో మీద పడేవాడు, సందు మొగలో కామెంటు చేసేవాడు, ఫోన్‌లో ఫొటో తీసేవాడు కల్పన కాదు. వీళ్లను మనం మార్చలేం, పిల్లకు చున్నీ వేయగలం. చేతిలో ఉన్న పని చేస్తాం. మా అమ్మ నాకు వోణీ వేసిందీ ఇందుకే. పితృస్వామ్యం తన కాపలా పనిని తల్లులకే అప్పగిస్తుంది. పిల్లకేమైనా జరిగితే "తల్లి ఎలా పెంచిందో" అంటుంది. కాబట్టి తల్లిని తిట్టి ప్రయోజనం లేదు. అయితే ఆ కాపలా నిజంగా కాపాడుతోందా అని అడగక తప్పదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు ఏటా చెబుతున్నదేమిటి? అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువులు, ఇరుగుపొరుగు, స్నేహితులు. ఇంట్లోకి వచ్చే మనిషిని చున్నీ ఆపదు. చట్టం భాష కూడా మనకు సాయం చేయలేదు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 354వ సెక్షన్ స్త్రీ శరీరం మీద దాడిని ఆమె "మర్యాదకు భంగం"గా చూసింది. ఏడున్నర నెలల పసికందు మీద జరిగిన దాడికి ఈ సెక్షన్ వర్తిస్తుందా, అంత చిన్నబిడ్డకు మర్యాద అనే స్పృహ ఉంటుందా అన్న వాదన 1966లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వర్తిస్తుందని కోర్టు చెప్పింది, మంచిదే. కానీ ఆ వాదన రావడమే చూడండి! గాయపడింది బిడ్డ శరీరం. చర్చ జరిగింది మర్యాద మీద. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్‌లోనూ ఆ మాట అలాగే ఉంది.

ఇంతకీ ఈ "పద్ధతి" ఎక్కడిది? తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పై వస్త్రం వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడాల్సి వచ్చింది. 1859లో ఆ హక్కు ఇచ్చినప్పుడు కూడా అగ్రకుల స్త్రీల మాదిరిగా కట్టుకోకూడదని షరతు పెట్టారు. అంటే కప్పుకోవడం ఒక కులానికి మర్యాద, మరో కులానికి నేరం. మన ఊళ్లలో మోకాళ్ల పైకి చీర ఎగ్గట్టి నాట్లు వేసే కూలి స్త్రీని "పద్ధతిగా లేదు" అని ఏ భూస్వామీ పొలం నుంచి పంపలేదు. ఆమె శ్రమ కావాలి కనుక.

అలాగని కప్పుకునే ప్రతి పిల్లా అణగారినదనీ, విప్పించడమే విముక్తి అనీ అనుకుంటే మరో తప్పు చేస్తాం. 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న అమ్మాయిలను కాలేజీ గేటు దగ్గర ఆపేశారు. ఆ మార్చిలో హైకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు ఇచ్చారు. ఈలోగా పోయింది ఆ పిల్లల చదువు. చున్నీ లేదని గేటు దగ్గర ఆపేవాళ్లకూ, హిజాబ్ ఉందని ఆపేవాళ్లకూ తేడా ఏముంది? అమ్మాయి ఒంటి మీద ఏముండాలో తామే నిర్ణయించాలన్న పట్టుదల రెండు చోట్లా ఒకటే.

ఇక బజారు ఇచ్చే స్వేచ్ఛ సంగతి. మా అమ్మాయి వయసు పిల్లలకు అక్కడ ఉన్నవి రెండే రకాలు: ఒళ్లు పట్టేసే పల్చటి గుడ్డ, లేదా నిలువునా కప్పేసే గుడ్డ. పరుగెత్తడానికి, సైకిలు తొక్కడానికి, నెలసరి రోజుల్లో ప్యాడ్ పెట్టుకునే జేబుకు ఏ రకంలోనూ చోటు లేదు. రెండూ చూసేవాడి కోసం కుట్టినవే. ఒకటి వాడికి చూపించడానికి, ఇంకొకటి వాడి నుంచి దాచడానికి.

మన పని దగ్గరకు వద్దాం. కిశోర బాలికల సమావేశాల్లో "మంచి స్పర్శ, చెడు స్పర్శ" చెప్పి, చివర్లో "బట్టలు కూడా జాగ్రత్తమ్మా" అని మనమే చేర్చడం లేదూ? ఆ ఒక్క వాక్యం అప్పటిదాకా చెప్పినదంతా చెరిపేస్తుంది. రేపు ఏదైనా జరిగితే ఆ పిల్ల మన దగ్గరకు రాదు, ముందు తన బట్టలు చూసుకుంటుంది. ఆ వాక్యం మానేద్దాం.

రెండోది, కాలేజీల్లో అడగవలసింది అడుగుదాం. 2019లో హైదరాబాదులో ఒక మహిళా కళాశాల కుర్తీ మోకాలు దిగాలని నియమం పెడితే విద్యార్థినులు నిరసనకు దిగి వెనక్కి తీసుకునేలా చేశారు. వాళ్లకున్న తెగువ మనకూ ఉండాలి. లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. 2015 నాటి యూజీసీ నిబంధనలు ఆ రక్షణను విద్యార్థినులకూ వర్తింపజేశాయి. కుర్తీ పొడవు కొలిచే ప్రతి డిగ్రీ కళాశాలనూ అడుగుదాం: అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉందా? సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా? పోయిన ఏడాది ఎన్నిసార్లు సమావేశమైంది? ఇంటర్ కాలేజీల్లో పోక్సో చట్టం గురించి అధ్యాపకులకు ఏం తెలుసో కనుక్కుందాం.

మూడోది అన్నిటికన్నా కష్టం, మన ఇళ్లలోది. నా భయం నాదని పిల్లకు చెప్పడం, అది తన తప్పు కాదని చెప్పడం. ఆ రోజు ఇంటికొచ్చే బస్సులో మా అమ్మాయి, "నన్నెవరో ఏదో చేస్తారని నీకు భయం. మరి నన్నెందుకమ్మా సరిచేస్తావు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆఖరికి నూలు గుడ్డ కొని, దర్జీ చేత రెండు వైపులా లోతైన జేబులు పెట్టించి కుర్తీలు కుట్టించాం. పొడవెంతో అదే చెప్పింది. చున్నీ కావాలా వద్దా అన్నది నేనడగలేదు. అడగకుండా ఉండటానికి నేను పడిన కష్టం చూస్తే, నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉందని అర్థమైంది.