మన చెరువు చేపని మనం ఎందుకు వదిలేస్తున్నాం?

ఎగ్జామ్స్ ముందు చదవాల్సింది వదిలేసి మనందరం ఏదో ఒకటి చూస్తుంటాం కదా. నేను చేపలు పట్టే వీడియోలు చూస్తాను. కొండల మధ్య సన్నటి వాగు, మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి, గాల్లో మెలికలు తిరిగే దారం. గంటలు గడిచాక ఒక ట్రౌట్ చేప పడుతుంది. తడి చేత్తో దాన్ని పట్టుకుని, ఒక ఫొటో తీసుకుని, మెల్లగా మళ్లీ నీళ్లలోకే వదిలేస్తాడు. నాచారంలో మా రూమ్‌లో, దోమలకి భయపడి కిటికీలు మూసుకుని, ఇదంతా నోరు తెరుచుకుని చూస్తాను.

దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. గాలానికి ఎర్ర గుచ్చరు. ఈకలు, దారం చుట్టి పురుగులా కనిపించే బొమ్మని కడతారు. దానికి బరువు దాదాపు ఉండదు కాబట్టి మామూలు గాలంలా విసిరితే ముందుకి పోదు. అందుకని దారాన్నే బరువుగా చేసి, కొరడాలా వెనక్కీ ముందుకీ ఊపి వేస్తారు. ఏ నెలలో ఏ పురుగు నీళ్ల మీద ఎగురుతుందో తెలిస్తేనే చేప మోసపోతుంది. అంటే ఆ మనిషి చేప కంటే ముందు నీళ్లని చదవాలి. నాకు నచ్చింది అదే.

మన దగ్గర ట్రౌట్ బతకదు. బ్రిటిష్ వాళ్లు తెచ్చి నీలగిరుల్లో, కాశ్మీర్‌లో వదిలారు, అక్కడ చలికి బతికింది. లెక్క సింపుల్. 10 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకొచ్చేసరికి అది ఏడున్నరకి పడిపోతుంది. మన ఎండాకాలం చెరువులో ట్రౌట్‌ని వేస్తే ఊపిరాడక పోతుంది. సరే, ట్రౌట్ లేకపోతే ఏం, చెరువైతే ఉంది కదా అనుకున్నాను. రూమ్‌మేట్‌ని లేపి, ఆన్‌లైన్‌లో కొన్న ఏడొందల రూపాయల రాడ్ పట్టుకుని, ఒక ఆదివారం పొద్దున ఆరింటికి హెచ్‌ఎంటీ నగర్ పక్కనున్న నాచారం పెద్దచెరువు దగ్గరికి పోయాం.

గట్టు మీద అప్పటికే ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వెదురు కట్టె, దారం, నెమలీక కాడతో బెండు, కవర్‌లో గోధుమపిండి ముద్ద. మా రాడ్ చూసి నవ్వాడు. అంతకుముందు మా దారం రెండుసార్లు గుర్రపుడెక్కలో చిక్కుకుంది, అది కూడా చూసే నవ్వినట్టున్నాడు.

"ఏం పడతయి తాతా ఇక్కడ?"

"ఏం పడతయి బిడ్డా, జిలేబీలు. ఎప్పుడన్న ఒక మార్పు."

ఎనిమిదింటి దాకా మాకు రెండు జిలేబీలు పడ్డాయి. అరచేయంత ఉన్నాయి. నిజం చెప్తున్నా, దారం మొదటిసారి గుంజినప్పుడు గుండె ఎట్లా కొట్టుకుందో ప్లేస్‌మెంట్ రిజల్ట్ రోజు కూడా అట్లా కొట్టుకోదేమో. మావాడు అప్పుడే ఉల్లిగడ్డలు, చింతపండు లెక్కలోకి దిగాడు. తాత మాత్రం తలూపలేదు.

"తినకుండ్రి. వదిలెయ్యిండ్రి. మోరీ నీళ్లు గివి."

తను కూడా తినడట. టైంపాస్‌కి వస్తాడు, పడితే వదిలేస్తాడు. చిన్నప్పుడు ఇదే నీళ్లలో ఈత నేర్చుకున్నాడట. పులుసు సంగతి మేం అడగకముందే ఆయనే చెప్పాడు.

మేం వదిలేశాం. రూమ్‌కి నడుస్తుంటే తట్టింది: మేం చేసింది కూడా ఆ వీడియోలో మనిషి చేసిందే. పట్టుకున్నాం, ఫొటో తీసుకున్నాం, వదిలేశాం. కానీ అతను చేప మీద ప్రేమతో వదిలాడు. మేం నీళ్లకి భయపడి వదిలాం.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ తేడానే. ఉప్పల్, నాచారం వైపు ఉండేవాళ్లకి చెరువు ఇప్పుడు ఒక వ్యూ మాత్రమే. మెట్రోలోంచి, అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి, మహా అయితే వాకింగ్ ట్రాక్ మీంచి చూస్తాం. దూరం నుంచి చూస్తే గుర్రపుడెక్క కూడా పచ్చగా, అందంగానే ఉంటుంది. రెండు గంటలు గట్టు మీద కూర్చుని, బెండు కదలిక కోసం నీళ్లనే చూసినప్పుడు మాత్రమే ఏ మూల నుంచి నల్లటి ధార వస్తోందో, ఎక్కడ నురగ తేలుతోందో, చేపలు పైకొచ్చి గాలి ఎక్కడ మింగుతున్నాయో కనిపిస్తుంది. మన రాష్ట్ర చేప కొర్రమీను గాలి కూడా పీల్చగలదు, అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలోనూ బతుకుతుంది. కానీ బతికిన ప్రతి చేపా తినడానికి పనికొస్తుందని కాదు. మృగశిర కార్తె రోజున చేపల కోసం రాంనగర్ మార్కెట్‌లో తోసుకుంటాం. పక్క చెరువులో చేప ఉన్నా, దాన్ని నమ్మలేం.

నా వాదన ఇది: చెరువుని కాపాడేది కంచె కాదు, చెరువుతో పని ఉన్న మనుషులు. ఇంగ్లండ్‌లో డెర్బీ అనే ఊళ్లో చేపలు పట్టే క్లబ్ ఒకటి ఉండేది. డెర్వెంట్ నదిలోకి కృత్రిమ పట్టు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ వేడి నీళ్లు, వ్యర్థాలు వదిలేది. ఊరి కార్పొరేషనేమో మురుగు వదిలేది. క్లబ్ వాళ్లు ఇద్దరి మీదా కేసు వేశారు. 1950ల మొదట్లో గెలిచారు కూడా. ఊరు పెరిగింది, మురుగు ఎక్కడికో పోవాలి కదా అని కార్పొరేషన్ చెప్పుకున్నా కోర్టు ఒప్పుకోలేదు. అమెరికాలో 1959లో ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థని పెట్టింది కూడా గాలం వేసేవాళ్లే. తమ చేప పోతుంటే ముందు వాళ్లకే నొప్పి తెలిసింది.

చేపకి గాలం గుచ్చడం హింస కాదా అని మా క్లాస్‌మేట్ ఒకమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే, కాదని నేననను. కానీ గాలం ఒక చేపకి గుచ్చుకుంటుంది, మోరీ చెరువు మొత్తానికి గుచ్చుకుంటుంది. మొదటిదాని గురించి బాధపడేవాళ్లు రెండోదాని గురించి కూడా బాధపడాలని మాత్రం అంటాను. ఇంకో మాట. చెరువుల మీద మత్స్యకార సంఘాల హక్కులున్నాయి. మనది సరదా, వాళ్లది అన్నం. వాళ్లని అడక్కుండా గాలం వేయొద్దు. నిజానికి చెరువు పాడైతే అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది వాళ్లే.

ఉప్పల్ నల్లచెరువుని బాగుచేసే పని హైడ్రా తీసుకుంది. మంచిదే. కానీ పూడిక తీసి, గట్టు వేసి, లైట్లు పెట్టాక నీళ్లు ఎట్లా ఉన్నాయో ప్రతి నెలా చూసేదెవరు? మనమే ఎందుకు చూడకూడదు? ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో కరిగిన ఆక్సిజన్ టైట్రేషన్ మనకి ఉంది. ఏం చేస్తున్నాం? కుళాయి నీళ్లతో చేసి, సీనియర్ రికార్డులోంచి రీడింగ్స్ ఎక్కించేస్తున్నాం. ఆ శాంపిల్ నాచారం నుంచి ఒకటి, ఉప్పల్ నుంచి ఒకటి తెచ్చుకుందాం. రీడింగ్ మన ఈ-మ్యాగజైన్‌లోనే ప్రతి సంచికలో వేద్దాం. సివిల్ వాళ్లు టైట్రేషన్, కంప్యూటర్స్ వాళ్లు గ్రాఫ్, సాహిత్యం వాళ్లం తాతల మాటలు.

వచ్చే ఆదివారం నేను, మావాడు మళ్లీ పోతున్నాం. ఈసారి రాడ్‌తో పాటు మూడు శాంపిల్ సీసాలు కూడా. వచ్చేవాళ్లు ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర పొద్దున ఐదున్నరకి కలవండి. చేప పడితే ఎలాగూ వదిలేస్తాం. ఏదో ఒక ఏడు మృగశిరకి తాత "తీస్కపోయి వండుకోండ్రి" అనాలి. నాకు కావాల్సింది ఆ మాట.