1964 పాటలు: గోడాదరా ఓటు ఎటు?

అరవయ్యో దశకంలో తెలుగు సినిమా పాటకు ఉత్తమ సంవత్సరం ఏది అన్న తగవు ఇప్పట్లో తేలేది కాదు. అయితే 1964 అని వాదించేవారి చేతిలో ఉన్న జాబితా సామాన్యమైనది కాదు. పూజాఫలం, ఆత్మబలం, గుడిగంటలు, మూగమనసులు, అమరశిల్పి జక్కన్న, రాముడు భీముడు, డాక్టర్ చక్రవర్తి, బొబ్బిలి యుద్ధం, ఇవన్నీ ఆ ఒక్క ఏడాదివే. వీటిలో నాలుగింటికి సాలూరి రాజేశ్వరరావు ఒక్కరే సంగీతం కూర్చారు. ఆ ఏడాదే నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు, నెహ్రూ కన్నుమూశారు, కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. రాజకీయాల్లో అంతటి కుదుపు ఉన్న ఏడాదిలో పాట అంత నిబ్బరంగా ఎలా సాగిందన్నది వేరే చర్చ.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఆల్బమ్ అన్నది నాటి తెలుగు సినిమాకు లేదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులకు అవి చివరి రోజులు. పక్కకు ఒక పాట, మూడు నిమిషాల పైచిలుకు. ఒక చిత్రంలోని పాటలన్నీ ఇంట ఉండాలంటే అయిదారు రికార్డులు కొనాలి. సామాన్యుడికి పాటలన్నీ ఒకచోట దొరికింది థియేటరు బయట అమ్మిన పాటల పుస్తకంలోనే. ఈనాడు ఫోనులో ‘ఆల్బమ్’ పేరిట కనిపించేది తర్వాతివారు కట్టిన మూట. ఆ మూట మీద గాయకుల పేర్లు పెద్దవిగా ఉంటాయి, కవి పేరు వెతుక్కోవాలి. ఉత్తమ చిత్రగీతాల ఎంపికలన్నీ చివరకు అక్కినేని పక్షం, నందమూరి పక్షంగా చీలిపోవడానికి ఈ మరుగు కూడా ఒక కారణం. కవుల పేర్లతో జాబితా వేస్తే పక్షాలు మారతాయి. ఆ మార్పు ఎంతటిదో విజయవాడలోనో హైదరాబాదులోనో కంటే గోడాదరాలో తేటగా కనిపిస్తుంది.

గోడాదరా సూరత్ నగరంలో లింబాయత్, పర్వత్ పాటియాలకు దగ్గరి ప్రాంతం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఈ చుట్టుపక్కల తరాలుగా బతుకుతున్నాయి. ఊళ్లో గుంటమగ్గం కూడు పెట్టని రోజుల్లో కొందరు షోలాపూర్, కొందరు భీవండి, కొందరు సూరత్ పట్టారు. సొంత చేతి మగ్గం వదిలి పరాయివాడి సాంచా దగ్గర నిలబడ్డారు. సాంచాల మోతలో పాట వినబడదు. పని దిగి ఇంటికి చేరిన తర్వాతే పాట. ఇరుగుపొరుగు మరాఠీ, హిందీ, ఒడియా మాట్లాడేవారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది, అది ఆ నగరం గొప్పతనమే. అయినా పై చదువుకు, పనికి తెలుగు అక్కరకు రాదు. మూడో తరం పిల్లవాడికి తెలుగు చెవి దాకా వస్తుంది, కంటి దాకా రాదు. అతడు చదవగల తెలుగు పుస్తకం లేదు; వినగల తెలుగు పాట ఉంది. అందువల్ల ఇక్కడ ఏ పాటలు ముందుంచాలన్నది కేవలం జ్ఞాపకాల కాలక్షేపం కాదు. ఆ పిల్లవాడికి ఏ తెలుగు అందాలన్న నిర్ణయం అది.

1964ను కలాల వారీగా చూస్తే మొదట కనిపించే సంగతి తెలంగాణ కవుల రాక. ఆంధ్రప్రదేశ్‌కు అప్పటికి ఎనిమిదేళ్లు నిండలేదు. 1969 ఉద్యమం ఇంకా అయిదేళ్ల దూరంలో ఉంది. నిజాం జైలు చూసి వచ్చిన దాశరథి మూగమనసులులో గోదావరి గట్టు పాట రాశారు. సి. నారాయణరెడ్డి ఒకే ఏడాదిలో పూజాఫలంలో వెన్నెల పాట, రాముడు భీముడులో యుగళగీతం, అమరశిల్పి జక్కన్నలో నల్లరాళ్ల పాట రాశారు. ఆయన పుట్టిన హనుమాజీపేట నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. చదివింది సిరిసిల్లలో, కరీంనగర్‌లో, అదీ ఉర్దూ మాధ్యమంలో. సూరత్ చేరిన మగ్గపు కుటుంబాల్లో చాలామందిది ఆ నేలే. బడిలో మరో భాష చదువుతూ ఇంట్లో, వీధిలో విన్న తెలుగుతో కవి అయినవాడు గోడాదరా పిల్లవాడికి పరాయివాడు కాడు.

ఇంతవరకు వచ్చి సంబరపడి ఆగిపోతే సగం నిజమే చెప్పినట్టు. కరీంనగర్ బిడ్డ రాశాడు సరే, కరీంనగర్ మాటలో రాయలేదు. నారాయణరెడ్డి సినిమా పాటలది శిష్టుల తెలుగు. అందులో ఉర్దూ గజల్ లయ వినబడుతుంది గాని సిరిసిల్ల వాడకట్టు మాట వినబడదు. దాశరథి సంగతి ఇంకా విచిత్రం. పల్లెపాట రాయవలసి వచ్చినప్పుడు ఓరుగల్లు జిల్లా కవి గోదావరి తీరపు యాస కట్టుకోవలసి వచ్చింది. పల్లె అంటే గోదావరి పల్లె, అమాయకత్వం అంటే అక్కడి పలుకు అని తెర నిర్ణయించిన కాలం అది. అందులో దాశరథి తప్పేమీ లేదు. ఆ పాట ఈనాటికీ తాజాగా ఉందంటే ఆయన చెవి ఎంత మెలకువగలదో తెలుస్తుంది. అయితే తెలంగాణ పలుకు తెరకెక్కినప్పుడు చాలాకాలం పాటు అది విదూషకుడికో దుష్టుడికో దక్కింది. గోడాదరాలో ముత్తవ్వ మాట్లాడే తెలుగు పాటలో లేదని పిల్లవాడు గమనిస్తే, ఆమె మాటను తప్పుగా లెక్కవేసే ప్రమాదం ఉంది. ఉత్తమ పాటల జాబితా చేసేవారు ఈ లోటును కూడా జాబితా పక్కన రాయాలి.

ఇక ఎంపిక. బహుమతుల లెక్కన చూస్తే డాక్టర్ చక్రవర్తి. రాష్ట్ర ప్రభుత్వం నంది పురస్కారాలు మొదలుపెట్టిన ఆ ఏడాది బంగారు నంది దానిదే. చేతులెత్తి లెక్కిస్తే మూగమనసులు. ఆత్రేయ, దాశరథి, కొసరాజు పాటలను మహదేవన్ ఒకే పడవలో ఎక్కించిన తీరు అసాధారణం. పైగా ఈ చిత్రానికి గోడాదరాలో అదనపు బలం ఒకటుంది. ఆదుర్తి సుబ్బారావే దాన్ని 1967లో హిందీలో ‘మిలన్’గా తీశారు. అదే ఏడాది రాముడు భీముడు తాపీ చాణక్య చేతుల మీదుగానే ‘రామ్ ఔర్ శ్యామ్’ అయింది. పొరుగింటి హిందీ పెద్దాయనకు కథ తెలుసు. పాటలు వేరు, బాణీలు వేరు, కథ మాత్రం ఉమ్మడి. హిందీని రుద్దుతున్నారని 1965లో మద్రాసు రగిలిపోయిన మరి రెండేళ్లకు తెలుగు దర్శకులు తెలుగు కథలతో హిందీ ప్రేక్షకుడిని గెలిచారన్నది తలచుకోదగ్గ విషయమే.

అయినా గోడాదరా ఓటు అమరశిల్పి జక్కన్నకు పడాలి. నల్లరాయిని చూసి లోపల దాగిన ప్రాణాన్ని ఊహించే శిల్పి పాటను చేతిపని ఎరిగిన ఇంటివారు వినే తీరు వేరు. పడుగు చూసి చీర అంచును ముందే కళ్లతో చూడగల నేతగాడికి ఆ ఊహ కొత్తది కాదు. ఘంటసాల గొంతు అక్కడ తొందరపడదు, రాజేశ్వరరావు వాద్యాలు మాటకు అడ్డురావు. తెలుగు చెవితో మాత్రమే నేర్చుకునే పిల్లవాడికి ఒక్కొక్క అక్షరం విడిగా అందుతుంది. కథ సంగతి అంతకన్నా దగ్గరిది. ఇల్లు వదిలి దేశాలు పట్టిన తండ్రి, తండ్రిని ఎరగకుండా పెరిగిన కొడుకు, చివరకు తండ్రి చెక్కిన విగ్రహంలో దోషం చూపించింది ఆ కొడుకే. సాంచా పని వద్దని మరో దారి పట్టిన కొడుకులున్న ప్రతి ఇంటికీ ఈ కథ తెలుసు. కన్నడ దేశపు శిల్పి కథను తెలుగు కవి, తెలుగు గాయకుడు పాడితే గుజరాత్‌లో స్థిరపడ్డ తెలంగాణ నేతగాడు వినడంలో అసహజమేమీ లేదు. పనివాడు ఎక్కడికి పోతే పాట అక్కడికి పోతుంది.

మూగమనసులుకు రెండో స్థానం ఇస్తే ఒప్పుకునేవారు తక్కువ; ఆ కోపం న్యాయమైనదే. రాముడు భీముడు ఈ వరుసలో వెనుకబడింది. మంచి రోజులను కలగంటూ శ్రీశ్రీ రాసిన ఒక్క పాట దాన్ని పైకి లాగుతుంది గాని, మిగిలినవి కథ అవసరం తీర్చి తప్పుకుంటాయి. ఆ చిత్రం వచ్చిన కొద్ది వారాలకే తెనాలి సదస్సుతో కమ్యూనిస్టుల చీలిక దాదాపు ఖాయమైంది. అదే శ్రీశ్రీ డాక్టర్ చక్రవర్తికి ఒక తోడు కోసం తపించే మనిషి పాట రాశారు, మహాప్రస్థానం కవి చేతినుంచి అంత మెత్తని మాట రావడం అప్పట్లో పలువురిని ఆశ్చర్యపరిచి ఉండాలి. మూడో స్థానానికి ఆ చిత్రమా, పూజాఫలమా అన్నదే అసలు పోటీ. రెండింటి సంగీతమూ రాజేశ్వరరావుదే కనుక ఎటు పడినా ఓటు ఆయనకే. నారాయణరెడ్డి వెన్నెల పాటకు జానకి ఇచ్చిన గొంతు కారణంగా పూజాఫలం వెంట్రుకవాసి ముందుంది. బంగారు నంది పక్షంవారు దీన్ని ఒప్పుకోరు.