కాపలా కూలి

మే నెలంటే ఒకప్పుడు నాకు ఆవకాయ, మల్లెపూలు. రెడింగ్ వచ్చి స్థిరపడ్డాక మే నెలంటే ఒక బడిలో స్పోర్ట్స్ హాలు, కుర్చీకీ కుర్చీకీ మీటరుంపావు ఎడంతో వేసిన బల్లలు, గోడమీద పెద్ద గడియారం, చప్పుడు చెయ్యని చెప్పులేసుకుని వాటి మధ్య తిరిగే నేను. ఆరు వేసవులు జీసీఎస్ఈ, ఎ-లెవెల్ పరీక్షలకి ఇన్విజిలేటరుగా చేశాను. పోయిన వేసవి పిలుపు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను. ముందు కాసిని లెక్కలు.

ఈ దేశంలో పరీక్ష హాళ్ళ కాపలా ఒకప్పుడు టీచర్ల పనే. 2003 జనవరిలో ప్రభుత్వమూ, చాలా ఉపాధ్యాయ సంఘాలూ పనిభారం తగ్గించే ఒప్పందం ఒకటి చేసుకున్నాయి. దాని ప్రకారం 2005 సెప్టెంబరు నుంచి బోర్డు పరీక్షల కాపలా టీచర్ల నెత్తి మీంచి దిగింది. మంచిదే, నేను కాదనను. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో హైస్కూలు మాస్టారు, టీచరు మీద ఎన్ని పనులు పడతాయో ఇంట్లోనే చూశాను. కానీ ఆ బరువు ఎవరి నెత్తికెక్కింది? రిటైరైన తాతలు, బామ్మలు, పిల్లల్ని బడికి పంపి ఖాళీగా ఉన్నారనిపించుకునే నాలాంటి తల్లులు. అంటే జీతం గురించి గట్టిగా అడగని వాళ్ళు. ఏరి కోరి ఎంచినట్టే ఉంటుంది.

మా కాగితం మీద గంటల హామీ లేదు. పరీక్ష ఉంటే పిలుస్తారు, లేకపోతే లేదు. 2025 ఏప్రిల్‌లో ఇరవయ్యొక్కేళ్ళు నిండిన వాళ్ళకి కనీస వేతనం గంటకి 12 పౌండ్ల 21 పెన్నీలు చేశారు. మాది దానిమీద చిల్లర. అదీ పరీక్ష నడిచిన సేపటికి, ముందూ వెనకా ఒక అరగంటకి. పొద్దున గంటన్నర పరీక్ష, మధ్యాహ్నం గంటన్నర పరీక్ష అయితే, మధ్యలో కారులో కూర్చుని పులిహోర తిన్న రెండు గంటలు నావి, బడివి కావు. బాధ్యత మాత్రం నిండుగా ఉంటుంది. ప్రశ్నపత్రాల కవరు తప్పుది విప్పినా, ఒకడి జేబులో ఫోను దొరక్కపోయినా, పావు వంతు అదనపు సమయం రావలసిన పిల్లని మరిచిపోయినా తప్పు మాదే. హాల్లో పుస్తకం చదవకూడదు, ఇంకో పని చెయ్యకూడదు. ఒట్టి చూడటమే పని. చూడటం ఎంత అలసటో చేసిన వాళ్ళకి తెలుస్తుంది.

ఇక ఆ రోజు సంగతి. రాత పరీక్షకి ముప్పై మందికి ఒక ఇన్విజిలేటరుండాలని నియమం. హాల్లో యాభైనలుగురు, మేము ఇద్దరం ఉండాలి. రెండో ఆవిడకి సూపర్‌మార్కెట్లో షిఫ్టు దొరికింది, రాలేదు. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. అక్కడ వారానికిన్ని గంటలని రాసిస్తారు. పరీక్షల ఆఫీసరు తల లోపల పెట్టి, ‘కాస్త సర్దుకోండి’ అని వెళ్ళిపోయింది. పాపం ఆవిడా ఒక్కతే, మూడు గదులు చూసుకుంటోంది.

నలభై నిమిషాలకి ఒక పిల్లాడి ముక్కులోంచి రక్తం కారటం మొదలైంది. జవాబు కాగితం మీద కూడా పడింది. వాణ్ణి బయటికి తీసుకెళ్తే యాభైముగ్గురికి కాపలా లేదు. ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. నా చేతిరుమాలు వాడి చేతిలో పెట్టి పక్కన నిలబడ్డాను. మనిషి వచ్చేసరికి పదకొండు నిమిషాలు. తిరిగొచ్చాక వాడికి పోయిన సమయం కలిపిచ్చాను, పుస్తకంలో కారణం రాశాను: ‘హాల్లో నేనొక్కదాన్నే ఉన్నాను.’

సాయంత్రం ఆఫీసరు అడిగింది, ఆ చివరి మాట తీసేసి రాయగలవా అని. తియ్యనన్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తీసెయ్యనూ లేదు. మమ్మల్ని తీసెయ్యక్కర్లేదు, పిలవకపోతే చాలు.

దిద్దే వాళ్ళ కథ ఇంకోటి. నా స్నేహితురాలు వేరే బడిలో ఇంగ్లీషు టీచరు. జూన్లో పిల్లలు పడుకున్నాక కంప్యూటరు ముందు కూర్చుని పదకొండు దాటే దాకా దిద్దుతుంది. కాగితానికింత అని కూలి. గంటల్లోకి మార్చి చూసుకుంటే ట్యూషన్ చెప్పుకోవడమే మేలంది. ఈ పరీక్షల్ని అజమాయిషీ చేసే ఆఫ్‌క్వాల్ 2018లో తనే ఒక లెక్క బయటపెట్టింది. విద్యార్థికి నిజంగా రావలసిన గ్రేడే వచ్చే అవకాశం లెక్కల్లో నూటికి 96, ఇంగ్లీషు భాష, సాహిత్యం కలిసిన సబ్జెక్టులో 52. వ్యాసం దిద్దేటప్పుడు ఇద్దరికి రెండు అభిప్రాయాలుండటం సహజమే, అదంతా కూలి మీదికి నెట్టను. కానీ అంత సున్నితమైన పనిని అర్ధరాత్రి కూలికి వదిలేస్తామా?

గుత్తకిచ్చి చూశారు కూడా. 2008లో పదకొండేళ్ళ, పధ్నాలుగేళ్ళ పిల్లల జాతీయ పరీక్షల్ని ఈటీఎస్ అనే సంస్థ చేతిలో పెడితే ఫలితాలు వేళకి రాలేదు. ఐదేళ్ళకి 156 మిలియన్ పౌండ్ల ఒప్పందం ఆ ఆగస్టులోనే రద్దయింది.

మన దగ్గర బాగుందని కాదు. నాన్నగారు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళి ఎండకి, ఎర్రసిరాకి నల్లబడి వచ్చేవారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో, తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ వేసవి ఆ రాష్ట్రంలో ఎందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో తలుచుకుంటే అన్నం సయించదు. అయితే అక్కడ టీచర్లకి సంఘాలున్నాయి, రేటు పెంచకపోతే దిద్దం పొమ్మని అనగలిగారు. ఇక్కడ మాకు ఒకరి ఫోను నంబరు ఒకరికి తెలియదు.

ఇక మన వాళ్ళ సంగతి. ఉగాది భోజనాల దగ్గర ఈ మాటెత్తితే ఒకావిడ, ‘పోనీలేండి వదినా, మీకేమన్నా ఆ డబ్బుతో గడవాలా’ అంది. ఆవిడ కొడుక్కి గంటకి నలభై పౌండ్లు పోసి ట్యూషన్ పెట్టించింది. రెండేళ్ళు అంత పోసిన చదువుని చివరి గంటన్నర ఎవరు కాస్తున్నారు, ఎవరు తూస్తున్నారు, ఎంతకి చేస్తున్నారు అని ఒక్కసారి అడగలేదు. గ్రేడు తగ్గితే డబ్బు కట్టి మళ్ళీ దిద్దిస్తాం. గ్రేడు మారితే ఆ డబ్బు తిరిగొస్తుంది, మారకపోతే పోతుంది. ముక్కులోంచి రక్తం కారిన ఆ పిల్లాడి అమ్మ ఆస్పత్రిలో రాత్రుళ్ళు గదులు తుడుస్తుంది. ఆవిడ కట్టగలదా?

ఇన్విజిలేటర్లకి బడి మొత్తం సీజనుకి గంటలు రాసివ్వాలి, ఎదురుచూసిన సేపటికీ ఇవ్వాలి. దిద్దే టీచర్లకి జూన్లో పగటిపూట సెలవిచ్చి, ఆ ఖర్చు బోర్డు భరించాలి. మనం కట్టే పరీక్ష రుసుములూ, పన్నులూ ఎక్కడికి పోతున్నాయని అడిగే హక్కు మనకుంది. ప్రభుత్వ బళ్ళ గవర్నర్లలో తల్లిదండ్రులు ఎన్నుకున్నవాళ్ళూ ఉంటారు.

ఈ మాటలే ఇంగ్లీషులో రాసి మా బడి గవర్నర్లకి పంపబోతున్నాను. తెలిసిన ఐదు తెలుగు ఇళ్ళకి సంతకాల కోసం వెళ్ళాను. రెండు ఇళ్ళలో పెట్టారు. ఒకాయన, పిల్లవాడి పరీక్షలయ్యాక పెడతానన్నారు.