గెలవాలని కేకలు... గెలిపించే శిక్షణ ఏదీ?

కళాశాల మహిళల వాలీబాల్‌పై సిక్కోలు, విజయనగరం క్రీడాభిమానుల ఆవేదన

శ్రీకాకుళం, విజయనగరం: అంతర కళాశాలల మహిళల వాలీబాల్ పోటీ. నిర్ణయాత్మక సెట్. మైదానం చుట్టూ తాడు కట్టిన చోట విద్యార్థులతో పాటు ఊరి పెద్దలు, పూర్వ క్రీడాకారులు, అమ్మాయిల తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. ఎదుటి జట్టు సర్వీసు చేసింది. వెనుక వరుసలో ఇద్దరు అమ్మాయిలు బంతి కోసం కదిలారు. నీదంటే నీదనుకుని ఇద్దరూ ఆగిపోయారు. బంతి మధ్యలో పడింది. "ఎవరమ్మా నేర్పింది మీకు?" అని జనంలోంచి ఒక కేక. కుర్చీలో ఉన్న వ్యాయామ అధ్యాపకుడు తల దించుకున్నారు. ఉదయం నుంచి మైదానానికి సున్నం గీతలు గీయించడం, భోజనాల ఏర్పాటు, అతిథుల స్వాగతం అన్నీ ఆయనే చూసుకున్నారు. జట్టుతో కూర్చుని మాట్లాడేందుకు ఆయనకు పది నిమిషాలు దొరకలేదు.

రెండు జిల్లాల్లో కళాశాల పోటీలు చూసేవారికి ఇది కొత్త దృశ్యం కాదు. సంక్రాంతికి ఊరూరా వాలీబాల్ పోటీలు పెట్టుకునే ప్రాంతమిది. ఆట తెలిసిన ప్రేక్షకులున్నారు. తెలిసినందువల్లే వారికి కోపం ఎక్కువ. అయితే ఆ కోపం చేరవలసిన చోటికి చేరుతున్నదా అన్నదే ప్రశ్న. ఓడిన అమ్మాయిలపైనా, కుర్చీలో కూర్చున్న అధ్యాపకునిపైనా అది ఆగిపోతోంది. శిక్షకుని నియామకం, నిధుల ఖర్చు నిర్ణయించే బల్ల వరకు వెళ్లడం లేదు.

ఉక్కు మహిళల గడ్డ

బలానికి, ఆటకు ఈ ప్రాంతం పెట్టింది పేరు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి, తరువాత దేశవిదేశాల్లో కీర్తి గడించారు. ఆమదాలవలస మండలం ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాల్లో ప్రపంచ విజేత అయ్యారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే. నెల్లిమర్ల మండలం కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం పొందిన క్రీడాకారిణి ఉత్ప్రేరక పరీక్షలో పట్టుబడటంతో సంతోషికి రజతం దక్కింది.

ఈ విజయాలను తలచుకున్న ప్రతిసారీ మనం ఒక పాఠం చెప్పుకుంటాం. సౌకర్యాలు లేకపోయినా పట్టుదల ఉంటే చాలునని. వేదికలపై ఈ మాటకు చప్పట్లు బాగా మోగుతాయి. కళాశాల వాలీబాల్‌కు ఈ పాఠమే చేటు చేస్తోంది.

ఒక్కరి ఆట వేరు, ఆరుగురి ఆట వేరు

బరువులెత్తే క్రీడలో ఒక మంచి గురువు, ఒక షెడ్డు, కొన్ని ఇనుప పళ్లేలు, దీక్ష గల శిష్యురాలు ఉంటే ప్రయాణం మొదలవుతుంది. మల్లీశ్వరికి తొలి గురువు నీలంశెట్టి అప్పన్న అలా దొరికారు. మిగతా జిల్లా అంతా నిద్రపోయినా ఆ ఇద్దరి సాధన ఆగదు.

వాలీబాల్ అలా సాగదు. బంతిని పట్టుకోరాదు, ఒకే క్రీడాకారిణి వరుసగా రెండుసార్లు తాకరాదు. మూడు స్పర్శల్లో బంతి నెట్టు దాటాలి. ఒకరు సర్వీసును అందుకుని పాస్ ఇవ్వాలి, మరొకరు సెట్ చేయాలి, ఇంకొకరు స్మాష్ కొట్టాలి. ఎంత గొప్ప స్మాషర్ ఉన్నా, పాస్ చెడితే ఆమె చేయగలిగింది లేదు. సెట్ చేసే అమ్మాయికి, కొట్టే అమ్మాయికి మధ్య ఎత్తు, వేగం, అడుగు కుదరాలంటే నెలల తరబడి కలిసి ఆడాలి. ఈ పొత్తును ఏ ఒక్కరి పట్టుదలా భర్తీ చేయలేదు.

ఆట నియమాలు కూడా మారాయి. పూర్వం సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చేది. 1990ల చివర వచ్చిన మార్పుతో ప్రతి ర్యాలీకీ పాయింటు లభిస్తోంది. సర్వీసు నెట్టు దాటకపోతే, పాస్ దారి తప్పి బంతి నేలపడితే వెంటనే ఎదుటి జట్టుకు పాయింటు. వెనుక వరుసను కాపాడేందుకే లిబెరో అనే ప్రత్యేక స్థానం వచ్చింది. అంటే నేటి వాలీబాల్‌లో శిక్షణ లోపం దాచుకోవడానికి చోటు లేదు. మన ప్రేక్షకులు చూసి మండిపడే తప్పులన్నీ దాదాపు ఇవే: సర్వీసు తప్పడం, పాస్ చెడటం, ఇద్దరి మధ్య బంతి పడటం. ఇవి ధైర్యం లేక జరిగే తప్పులు కావు, సాధన లేక జరిగేవి.

చిన్న లెక్క చూడండి. పన్నెండు మంది అమ్మాయిలకు ఒక్క బంతి ఉందనుకుందాం. అయిదు సెకన్లకు ఒకసారి బంతిని తాకినా గంటలో 720 స్పర్శలు. ఒక్కొక్కరి వాటాకు 60. అదే ఇద్దరికొక బంతి చొప్పున ఆరు బంతులుంటే గంటలో ఒక్కొక్కరికి 360. అయిదు బంతుల తేడాతో ఒక గంట సాధన ఆరు గంటల సాధనతో సమానమవుతోంది. ఈ అయిదు బంతులు కొనడానికి ఏ కళాశాలా దివాలా తీయదు. కొనాలని అడిగేవారే కరవు.

పీడీ వేరు, శిక్షకుడు వేరు

కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్ వ్యాయామ విద్యలో పట్టభద్రుడు. కబడ్డీ, ఖోఖో, అథ్లెటిక్స్, యోగా దినోత్సవం, గణతంత్ర దినోత్సవ కవాతు అన్నీ ఆయన బాధ్యతలే. ఒక ఆటలో ప్రత్యేక శిక్షకుడు కావాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ వంటి చోట్ల ఆ ఆటలో డిప్లొమా చేసి రావాలి. ఈ రెండు పనులూ వేర్వేరు. పీడీనే శిక్షకుడనుకుని జట్టును అప్పగించడం, ఓడితే ఆయననే నిందించడం ఆనవాయితీగా మారింది. పీడీ లేని కళాశాలల్లో మరో పాఠం చెప్పే అధ్యాపకుడికే క్రీడల బాధ్యత అదనంగా అంటగట్టడమూ కనిపిస్తుంది.

సమయం మరో సమస్య. 2015-16 నుంచి డిగ్రీలో సెమిస్టర్ విధానం వచ్చింది. ఏటా రెండుసార్లు పరీక్షలు, వాటికి ముందు అంతర్గత పరీక్షలు. 2020-21 నుంచి ఇంటర్న్‌షిప్‌లు తోడయ్యాయి. వేసవి సెలవుల్లో శిబిరం పెట్టుకుందామంటే అమ్మాయిలు ఇంటర్న్‌షిప్‌లో ఉంటున్నారు. సాయంత్రం ఆడదామంటే పల్లెలకు వెళ్లే బస్సు వేళ దాటిపోతుంది. చీకటి పడ్డాక అమ్మాయి ఇంటికి ఎలా చేరుతుందన్న తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. ఫలితంగా పోటీ తేదీ ప్రకటించాక వారం పది రోజులు చేసే హడావుడే శిక్షణ అనిపించుకుంటోంది.

చీలిన జట్లు

ఒకప్పుడు రెండు జిల్లాల డిగ్రీ కళాశాలలూ ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవి. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడటంతో శ్రీకాకుళం అమ్మాయిలకు సొంత విశ్వవిద్యాలయ జట్టులో స్థానం దొరికే అవకాశం వచ్చింది. ఇది మేలే. 2022లో విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఏర్పడి ఇంజినీరింగ్ విద్యార్థినులకు మరో జట్టు దక్కింది. జట్లు పెరిగాయి. ఒక్కో జట్టుకు క్రీడాకారిణులను ఎంచుకునే పరిధి మాత్రం తగ్గింది. పాఠశాలలో ఒకే జట్టుకు ఆడిన ముగ్గురు స్నేహితురాళ్లు ఇంటర్ తరువాత మూడు కళాశాలల్లో చేరి, వేర్వేరు విశ్వవిద్యాలయాల తరఫున ఆడవలసి వస్తోంది. అంతవరకు కుదిరిన పొత్తు అక్కడితో సరి.

విశ్వవిద్యాలయ జట్టు ఎంపికైన తరువాతైనా తగినన్ని రోజులు శిబిరం నడిస్తే ఈ లోటు కొంత తీరుతుంది. ఆ శిబిరానికి వసతి, భోజనం, శిక్షకుని పారితోషికం కావాలి. మట్టి మైదానంలో ఆడిన అమ్మాయిలు పెద్ద పోటీల్లో ఇండోర్ కోర్టులో దిగితే బంతి వేగం, కాలి పట్టు రెండూ కొత్తగా ఉంటాయి. రామ్మూర్తినాయుడు పేరు పెట్టుకున్న శ్రీకాకుళం స్టేడియం పునర్నిర్మాణం ఏళ్ల తరబడి నానిన తీరు జిల్లా వాసులకు గుర్తే.

పోటీలకు డబ్బు, శిక్షణకు లేదు

డబ్బు అసలే లేదనడం పూర్తి నిజం కాదు. 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి వరకు నాటి ప్రభుత్వం 'ఆడుదాం ఆంధ్రా' పేరుతో గ్రామ సచివాలయ స్థాయి నుంచి పోటీలు జరిపింది. వాలీబాల్ కూడా అందులో ఉంది. కిట్లు, నగదు బహుమతులు వచ్చాయి. ఫైనల్స్ విశాఖలో ముగిశాయి. ఆ తరువాత ఆ క్రీడాకారిణులకు ఏడాది పొడవునా నేర్పే శిక్షకుడు ఊళ్లలో మిగలలేదు. ప్రభుత్వం మారాక 2024లో కొత్త క్రీడా విధానం వచ్చింది. ఒలింపిక్ పతకాలకు కోట్లలో నజరానాలు ప్రకటించారు. ఇవి గెలిచిన తరువాత ఇచ్చేవి. గెలవడానికి ముందు కావలసిన బంతి, బూట్లు, శిక్షకుడు, బస్సు ఛార్జీ సంగతి వేదికలపై వినిపించదు.

కళాశాలల్లో విద్యార్థుల నుంచి క్రీడల రుసుము వసూలవుతుంది. అందులో ఎంత భాగం విశ్వవిద్యాలయానికి వెళ్లింది, ఎంత కళాశాలలో ఖర్చయింది, మహిళల జట్లకు ఎంత చేరింది అన్న లెక్క నోటీసు బోర్డుపై కనిపించడం అరుదు. అభిమాని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

ఓటమి వెల ఏమిటి?

ఇది కేవలం కప్పుల గొడవ కాదు. కొత్త విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచారు. 2025 డీఎస్సీలో ఈ కోటా కింద ఉపాధ్యాయ పోస్టులు భర్తీ చేశారు. ఈ కోటాలో విశ్వవిద్యాలయ, రాష్ట్ర, జాతీయ స్థాయి ధ్రువపత్రాలకే విలువ. తొలి రౌండ్లోనే వెనుదిరిగే జట్టులోని అమ్మాయి మూడేళ్లు ఆడినా ఆ పోటీలో వెనుకబడుతుంది. డిగ్రీ ముగియగానే ఇంట్లో పెళ్లి మాట వస్తుంది. ఆట వల్ల ఉద్యోగం వస్తుందని చూపించగలిగితే ఆ మాట కొన్నేళ్లు వెనక్కి పోతుంది. సరైన శిక్షణ లేని ఆ మూడేళ్లలో చేజారుతున్నది ఈ అవకాశమే.

కేరళ మహిళల వాలీబాల్ ఎందుకు బలంగా ఉందో ఇక్కడే తెలుస్తుంది. అక్కడ క్రీడా వసతిగృహాలున్న పాఠశాలలు, కళాశాలలు, ఆ తరువాత విద్యుత్ బోర్డు, రైల్వే వంటి సంస్థల జట్లు ఒకదాని తరువాత ఒకటి మెట్లలా ఉన్నాయి. అమ్మాయి ఏ మెట్టు దగ్గరా గాలిలో మిగిలిపోదు.

1964 టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జపాన్ మహిళల జట్టులో అత్యధికులు కైజుకాలోని ఒక నూలు మిల్లు ఉద్యోగినులు. పగలు మిల్లు పని, సాయంత్రం నుంచి సాధన. శిక్షకుడు దైమత్సు కాఠిన్యం మనకు ఆదర్శం కానక్కరలేదు. కానీ ఒకే సంస్థ, ఒకే శిక్షకుడు, ఏళ్ల తరబడి ఒకే జట్టు అన్న సూత్రం గమనించదగినది. జనపనార మిల్లుల ప్రాంతమైన మనకు ఈ కథ దూరమైనది కాదు.

అమెరికాలో 2023 ఆగస్టు 30న నెబ్రాస్కా విశ్వవిద్యాలయ మహిళల వాలీబాల్ పోటీకి 92,003 మంది వచ్చారు. అంతమంది ఒక్క రోజులో రాలేదు. విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన చట్టం క్రీడలకూ వర్తించింది. ఆ జట్టుకు 2000 నుంచి 2024 సీజన్ వరకు ఒకే ప్రధాన శిక్షకుడు ఉన్నారు. ముందు నిధులు, శిక్షణ వచ్చాయి. జనం తరువాత వచ్చారు. మన దగ్గర జనం ముందే ఉన్నారు. మిగతా రెండే రాలేదు.

ఏం చేయవచ్చు?

ప్రతి కళాశాలకు ఒక శిక్షకుడు సాధ్యం కాకపోవచ్చు. శ్రీకాకుళం, ఆమదాలవలస, టెక్కలి, పలాస, విజయనగరం, బొబ్బిలి, రాజాం వంటి పట్టణాల్లో నాలుగైదు కళాశాలలకు కలిపి ఒక వాలీబాల్ శిక్షకుని క్రీడా ప్రాధికార సంస్థ, విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా నియమించవచ్చు. ఏడాది ఒప్పందం కాకుండా కనీసం ఒక డిగ్రీ బ్యాచ్ పూర్తయ్యే వరకు ఆయనను లేదా ఆమెను కొనసాగించాలి. మహిళా శిక్షకులకు ప్రాధాన్యమిస్తే తల్లిదండ్రుల సంకోచం తగ్గుతుంది. క్రీడాకారిణుల ఇంటర్న్‌షిప్ వేళలను శిబిరాలకు అనుగుణంగా సర్దాలి. సాధన వేళను కాలపట్టికలో చేర్చి, చివరి బస్సుకు ముందే ముగించాలి. క్రీడల రుసుము లెక్కను ఏటా నోటీసు బోర్డుపై ఉంచాలి.

వీటిలో కోట్ల రూపాయల పని ఒక్కటీ లేదు. శ్రద్ధ కావాలి, అడిగేవారు కావాలి. మైదానం చుట్టూ నిలబడి కేకలు వేసే గొంతులు పోటీ ముగిసిన మరునాడు ప్రిన్సిపాల్ గదిలో, విశ్వవిద్యాలయ క్రీడా విభాగంలో, జిల్లా సమీక్ష సమావేశంలో ఒక్కసారి వినిపిస్తే చాలు. "ఎవరమ్మా నేర్పింది మీకు?" అన్న ప్రశ్న సరైనదే. దానిని ఆ అమ్మాయిలను కాదు, నేర్పించవలసిన వారిని అడగాలి.