పైపు కోయకుండా నీళ్ల లెక్క!

ట్యాంకు నుంచి బయల్దేరిన నీళ్లెన్ని? ఊరికి చేరినవెన్ని? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లాంటి పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు, పల్లెల్లో 100 లీటర్లు అందాలన్నది 2016లో మొదలైన మిషన్‌ భగీరథ లెక్క. గోదావరి, మానేరు నీళ్లు శుద్ధి అయ్యాక పెద్ద లైన్లలో ఇనుప, ఉక్కు పైపుల గుండా కిలోమీటర్ల కొద్దీ ప్రయాణిస్తాయి. దారిలో ఎక్కడ కారిపోతున్నాయో తెలియాలంటే మధ్యమధ్యలో కొలవాల్సిందే. అందుకోసం పైపు కోస్తే ఆ పూటకు నల్లాలు బంద్‌!

కోయకుండా కొలిచేదే అల్ట్రాసోనిక్‌ మీటరు. పైపుకు బయటి నుంచి రెండు సెన్సర్లు బిగిస్తారు. మన చెవికి వినపడని శబ్దాన్ని ఒకటి పంపితే మరొకటి అందుకుంటుంది. మళ్లీ అటు నుంచి ఇటు. ఏట్లో పడవలాగే... నీటివాలున వెళ్లే శబ్దం ముందు చేరుతుంది, ఎదురెక్కేది కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను బట్టే ప్రవాహ వేగం కడతారు. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1480 మీటర్లు పోతుంది. 300 మిల్లీమీటర్ల పైపులో నీళ్లు సెకనుకు మీటరు చొప్పున పారుతుంటే ఆ తేడా ఎంతో తెలుసా? ఒక సెకనును కోటి భాగాలు చేస్తే అందులో సుమారు ఒక్క భాగం!

చిక్కంతా లోహంతోనే. శబ్దం నిటారుగా వెళ్లి ఉక్కు లోపలి అంచును తాకితే, నీళ్లలోకి దిగే శక్తి 12 శాతం మాత్రమే. మిగతాదంతా వెనుదిరిగి గోడలోనే పరుగులు తీస్తుంది. ఆ రొదలో నీళ్ల కబురు వినపడదు. అందుకే గోడ మందానికి తగిన ఫ్రీక్వెన్సీ ఎంచుకుంటారు, గోడ రొదను పీల్చుకునే మెత్తటి పట్టీలు చుడతారు, వందలసార్లు కొలిచి సరాసరి తీస్తారు.

ఖరీదైన మీటరు కొన్నంత మాత్రాన అయిపోదు. సెన్సరు కింద తుప్పు, ఊడిన పెయింటు గీకేసి జెల్‌ రాయాలి. సన్నటి గాలి పొర మిగిలినా శబ్దం అక్కడే ఆగిపోతుంది. అడ్డంగా పోయే పైపుకైతే పక్కల్లో బిగించాలి. పైన గాలి చేరుతుంది, కింద మట్టి పేరుకుంటుంది మరి! వంపు దాటాక పైపు వ్యాసానికి పదింతల దూరం తిన్నగా ఉండాలి. అంటే 300 మిల్లీమీటర్ల పైపుకు మూడు మీటర్లు.

అన్నిటికన్నా మోసం చేసేది లోపలి వ్యాసం. ఆ పైపు గోడకే చుట్టూ 5 మిల్లీమీటర్ల పొర పేరుకుంటే నీళ్లకు మిగిలే దారి దాదాపు 7 శాతం తగ్గుతుంది. మీటరేమో పాత వ్యాసంతోనే లెక్కకట్టి ఎక్కువ నీళ్లు పారినట్టు చూపిస్తుంది. అలాంటి మీటరు ఊరి ముందుందనుకోండి, దారిలో కారిపోయిన నీళ్లు కూడా చేరినట్టే కాగితంపైకి ఎక్కుతాయి. అందుకే బిగించే ముందు గోడ మందం, లోపలి సిమెంటు పూత మందం తెలుసుకుని మీటరుకు చెప్పాలి. పాత లైనైతే, ఎప్పుడైనా మరమ్మతుకు కోసిన ముక్క దొరికినప్పుడు దాని లోపలి పొరను స్కేలు పెట్టి కొలిచి రాసిపెట్టుకోవడం మేలు.