వ్యాధికంటె క్రూరమైనది వెలి

హెచ్‌.ఐ.వి. సోకినవారి నడవడిని నిందించుట మన సంఘమునకు సులభము. అందు తన పాలెంతయో విచారించుటయే కష్టము. 2017 నాటి లెక్కలను జూడుడు. దేశమందలి వయోజనులలో నూటికి 0.22 వంతున నున్న యీ వైరసు, జాతీయ పరిశీలనలో పరీక్షింపబడిన హిజ్రా, ట్రాన్స్‌జెండరు జనులలో నూటికి 3.14గా దేలినది. పదునాలుగు రెట్ల యీ వ్యత్యాసము పుట్టుకతో వచ్చినది కాదు; మనము మూసిన తలుపులవలన వచ్చినది.

మొదట మూయబడునది యింటితలుపు. కొడుకు నడకలో ఆడతనము తోచినచో తండ్రి కఱ్ఱ యెత్తును. బడిలో తోటివారు గేలిచేయుచుండగా ఉపాధ్యాయుడు విననట్లుండును. చదువు నడుమ నాగిపోవును. పట్టణము జేరినచో అద్దెయిల్లు దొఱకదు, పని దొఱకదు. పెక్కుమంది నాదరించునది హిజ్రా గురువు గృహమొక్కటియే. బ్రతుకుదెరువునకు మిగులునవి యాచనయు, దేహవిక్రయమును. కండోము వలదని హెచ్చుసొమ్ము జూపు విటునితో, ఆ పూట కూటికి లేనివారెట్లు వాదింతురు? తెలియక కాదు, కాదను బలము లేక యా యువజనులు వ్యాధివాత బడుచున్నారు.

న్యాయవాదవృత్తిలో నున్న మేము చట్టముల చరిత్రను మఱవజాలము. 1329 ఫసలీలో, అనగా 1919లో, నిజాము రాజ్యమున నొక చట్టము పుట్టినది. దాని ప్రకారము హైదరాబాదులో అనుమానితులైన హిజ్రాల పేర్లు చిట్టాకెక్కింపవచ్చును. చిట్టాలోనివారు స్త్రీవేషమున వీధిలో గనబడినచో వారంటు లేకయే పట్టుకొనవచ్చును. నూఱేండ్లు దాటిన పిదప, 2023 జూలైలో, తెలంగాణ హైకోర్టు దానిని గొట్టివేసినది. చిట్టా చెఱిగినను దాని భావము మన మనస్సులలో జెఱగలేదు. కండోమును నేరమునకు సాక్ష్యముగ దీసికొనరాదని 2022 మే 19న సుప్రీంకోర్టు ఆదేశించినది. ఐనను సంచి వెదకుదురను భయముచే దానిని వెంట నుంచుకొననివారు కలరు.

'ఆ వృత్తి మానినచో వ్యాధి పోదా?' యని కొందఱు పెద్దలందురు. మానుమనుటకు ముందు వేఱొక పని జూపవలదా? అంగడిలో, కచ్చేరిలో, కర్మాగారమున మన మెందఱికి గొలువిచ్చితిమి?

మందు లేక కాదు. 2004 నుండి ప్రభుత్వము ఔషధముల నుచితముగ నిచ్చుచున్నది. వానిని ప్రతిదినము సేవించి వైరసును పూర్తిగ అణచియుంచుకొన్నవారినుండి సంభోగమువలన నది యితరులకు సోకదు. కాని పురుషుల వరుసయా, స్త్రీల వరుసయా యని ఆసుపత్రిలో నవ్వులపాలైనవారు అచ్చటికి మరల రారు. ఇందుకే 2021లో హైదరాబాదు నారాయణగూడలో, తమవారే వైద్యులుగా నుండు చికిత్సాలయ మొకటి వెలసినది. అమెరికా ధనసాయము నిలిచినంతనే 2025 ఆరంభమున నది మూతబడినది. పిమ్మట స్వదేశీయుల తోడ్పాటుతో వేఱుపేర మరల దెఱువబడినది. మన బిడ్డల ప్రాణములు పరదేశపు ఖజానాపై వ్రేలాడుట మనకు సిగ్గు కాదా?

ఇట్టి వైద్యశాలలను జిల్లాకొకటి సర్కారు సొమ్ముతో నెలకొల్పవలెను. వైరసు సోకినవారికి చదువు, కొలువు, ఇల్లు, చికిత్స నిరాకరింపరాదని 2017 నాటి హెచ్‌.ఐ.వి. చట్టము శాసించుచున్నది, దానిని ప్రతి ఠాణాలోను, ప్రతి ఆసుపత్రిలోను బోధింపవలెను. ఇంతవఱకు ప్రభుత్వము పని. తక్కినది యే చట్టమును జేయజాలదు. బిడ్డ యిల్లు విడిచిపోవు రాత్రి తలుపు తెఱచి, లోనికి రమ్మని పిలువవలసినవారు తల్లిదండ్రులే.